తోమిన అరపెన్నీ

"దీన్ని తోమేశావా?"

హెటీ కేకకు మా గొర్రెల కుక్క లేచి గేటు అవతలికి పోయింది.

"మెరిస్తే బాగుంటుందని..."

"రెండు వందల ఏళ్ళు మట్టిలో తెచ్చుకున్న రంగు! ఇత్తడి పాలిష్‌తో గీకిపారేశావు కదయ్యా మహానుభావా! ఇక దీన్ని ఎవడు ముట్టుకుంటాడు?"

నేను ముట్టుకుంటాననుకున్నాను. అనలేదు.

ఆ రాగి అరపెన్నీ బిళ్ళ నాకు టర్నిప్ చేలో దొరికింది. సర్కారు నాణెం కాదు. ఆ కాలపు బర్మింగ్‌హామ్ పనివాళ్ళు రాజు తల అలాగే వేసి, చుట్టూ అక్షరాలు మార్చేవారు. దొంగనాణెమని పట్టుకుంటే, ఇది మా సొంత బిళ్ళ దొరా అనడానికి. అవంటే హెటీకి ప్రాణం. వెనక ఐర్లండు వీణ బొమ్మ ఉన్న బిళ్ళలూ, ఇంగ్లండు దేవి బ్రిటానియా బొమ్మ ఉన్న బిళ్ళలూ ఒకే కొట్లో తయారయ్యాయని ఆమె వాదన. లడ్లో ఊరి నాణేల సంఘం ఆ మాటకు నవ్వుతోంది. అధ్యక్షుడు, హెటీ వాళ్ళ నాన్న పార్డో, అందరికంటే గట్టిగా. ఈ సాయంత్రం సంఘం సమావేశంలో కూడా నవ్వితే తన బిళ్ళలన్నీ అమ్మేస్తానంది.

కోపంగానే భూతద్దం తీసింది. నా బిళ్ళ మీద వంగింది. వాన చినుకు ఒకటి ఆమె మెడ మీద పడింది. తుడుచుకోలేదు.

"ఏమోస్... ఈ గీత చూడు."

రాజు ముక్కు నుంచి అంచు దాకా సన్నని గట్టు. అచ్చు పగిలితే, కొట్టిన ప్రతి బిళ్ళ మీదా ఆ పగులు అలా లేస్తుందట. చిలుము కింద ఇన్నాళ్ళూ దాగింది.

"నా వీణ బిళ్ళ మీదా ఇదే పగులు! దీని వెనక బ్రిటానియా! తల అచ్చు ఒక్కటే, ఏమోస్!"

సాయంత్రం సంఘం హాల్లో పార్డో రెండు బిళ్ళలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ పాపిష్టి పాలిష్ ఎవడి పని?"

"నాదే."

"సిగ్గుండాలి." మళ్ళీ చూశాడు. "హెటీ, నువ్వే గెలిచావమ్మా."

హాలంతా బల్లలు చరిచింది.

బయట చూరు కింద నిలబడ్డాం. వాన జోరుగా పడుతోంది.

"ఏమైనా మాట్లాడవేం?" అంది.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె తలుపు తోసి లోపలికి అరిచింది:

"నాన్నా! ఏమోస్ పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు! నేను సరే అనేశాను!"

"ఇప్పటికి నోరు తెరిచాడా!" అన్నాడు పార్డో. "లోపలికి లాక్కురా వాణ్ణి, తడుస్తాడు!"

ఈసారి బల్లలు ఇంకా గట్టిగా మోగాయి.