డబ్బా చెప్పిన దారి

మూతపడిన నూలు మిల్లు వెనక రోడ్డుకి మంచి పేరు లేదు. పగలు అక్కడ లారీలు ఆపుకుంటారు, పిల్లలు బంతాట ఆడతారు. చీకటి పడిందా… ఎంత తొందరలో ఉన్నవాడైనా చుట్టు తిరిగి మెయిన్ రోడ్డు మీదే పోతాడు. రాత్రిపూట ఆ మిల్లు గోడ వెంట వెళ్తే గోడ అయిపోదట. ఎంత నడిచినా అదే గోడ, అదే తుప్పు గేటు, మళ్ళీ అదే గోడ. ఎవరో వెనకాలే వస్తున్నట్టు ఉంటుందట. తిరిగి చూసినవాడు మాత్రం ఏం చూశాడో చెప్పడట.

అక్కడ మా బావకి జరిగింది ఇది. ఆయన నాకు ఎలా చెప్పాడో అలాగే చెబుతున్నాను.

బావ లిఫ్టు మెకానిక్. పనిలో వంక పెట్టలేం గానీ, దారి గుర్తుండి చావదు. లిఫ్టు ఒకచోట ఆగితే ఈయన ఇంకోచోట వెతుకుతుంటాడు. కంపెనీ వాళ్ళు విసిగిపోయి, “ఇంకొక్కసారి ఆలస్యమైతే మీ ఏరియా వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం” అన్నారు. మంచి ఫోను కొనుక్కోమని అక్క పోరింది. వింటాడా? విరిగిన ఫ్యాను రెక్క కూడా పారెయ్యని మనిషి!

అటక మీంచి పాత డబ్బా ఒకటి దించాడు. ఎప్పుడో కంపెనీ ఇచ్చి మర్చిపోయిన చేతి కంప్యూటరు. సబ్బుబిళ్ళంత మందం, పుల్లతో పొడిస్తే గానీ పలకదు. పాత సామాన్ల కొట్లో అగ్గిపెట్టె సైజు జీపీఎస్ రిసీవరు దొరికింది. డబ్బా విప్పి, దాన్ని లోపల ఇరికించి, వైర్లు అతికించి, ఎవరో వాడి పడేసిన మెమరీ కార్డులోంచి ఏనాటిదో మ్యాపు ఎక్కించాడు. రబ్బరు బ్యాండ్లతో స్కూటరు హ్యాండిలుకి కట్టి, “ఎలా ఉంది?” అన్నాడు అక్కతో.

“బాగానే ఉంది. ఇది దారి చెప్పేలోపు లిఫ్టులో వాళ్ళకి జుట్టు నెరుస్తుంది” అంది అక్క.

ఆ రాత్రే ఫోను మోగింది. మిల్లు అవతల అపార్టుమెంటు వాచ్‌మన్.

“సార్, లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల తోడికోడళ్ళిద్దరున్నారు. పెద్దావిడకి ఆయాసం… పైగా ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు సార్!”

బావ కోటు తగిలించుకుని బయల్దేరాడు. డబ్బా బుద్ధిగానే దారి చూపించింది — మిల్లు దాకా. అక్కడ తెర మీది ఎర్ర గీత మెయిన్ రోడ్డు వదిలేసి, మిల్లు వెనక్కి తిరిగింది.

బావ బ్రేకు వేశాడు. కానీ పెద్దావిడ ఆయాసం గుర్తొచ్చింది. తిప్పాడు.

గుంతల రోడ్డు, దీపాల్లేవు. బాణం గుర్తు కుడికి తిరగమంది. కుడివైపు గోడ. సరే, కాస్త ముందుకెళ్ళాడు. మళ్ళీ కుడికే. మళ్ళీ గోడే. మూల తిరిగితే తుప్పు గేటు… ఇంకో మూల, ఇంకో మూల… తుప్పు గేటు.

“ఇది ఇందాక చూసిందే కదూ…”

బండి ఆపి వాచ్‌మన్‌కి ఫోను చేశాడు. “ఏవయ్యా, ఆ గేటే మళ్ళీ మళ్ళీ వస్తోంది!”

“…సార్, కదలకండి. సైకిలేసుకుని నేనే వస్తున్నా.”

“అక్కర్లేదు, నా దగ్గర జీపీఎస్ ఉంది!” అని బావ ఫోను చొక్కా జేబులో పడేసి, కోటు గుండీలు పెట్టేసుకున్నాడు. పరువు ముఖ్యం కదా.

బండి కదిలింది. కాసేపటికి… ఎక్కడో దగ్గర్నించే… సన్నగా ఒక ఆడగొంతు.

“అటు కాదు… అటు కాదు…”

బావ మొహం విప్పారింది. డబ్బా మాట్లాడుతోంది! ఇక అక్క ఏమంటుందో చూడాలి!

“గోడ పట్టుకుని తిరగకండి…”

“చెప్పు తల్లీ, చెప్పు” అన్నాడు బావ ముచ్చటగా.

అప్పుడు గుర్తొచ్చింది. రిసీవరు పట్టక, చోటు కోసం ఆ డబ్బాలోంచి స్పీకరు పీకేసింది తనే.

డబ్బాని అరచేత్తో మూసేశాడు.

“అన్నయ్యా…” అంది గొంతు, గుండెలకి ఆనుకుని పలికినట్టు. “ఆగండి… మీ వెనకాలే ఉన్నారు…”

తిరిగి చూశాడు. గోడ వెంబడి, నేలకి కాస్త ఎత్తులో, ఒక వెలుగు ఊగుతూ వస్తోంది.

ఇంకేముంది! గుంతా లేదు, మిట్టా లేదు. స్కూటరు ఎగిరెగిరి పడుతోంది. “ఆ ట్రాన్స్‌ఫార్మరు పక్క సందులోకి!” అని గొంతు కసిరింది. ఎదురు చెప్పే ధైర్యం లేక దూరాడు. సందు దాటితే — ఎదురుగా అపార్టుమెంటు.

మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి, లిఫ్టు సరిచేసి తలుపు తెరిచాడు. తోడికోడళ్ళిద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. చిన్నావిడ పెద్దావిడ వీపు రాస్తోంది. ఇద్దరూ కలిసి అత్తగార్ని తిట్టుకుంటున్నారు.

“అప్పుడే వచ్చేశావా బాబూ?” అంది పెద్దావిడ, కాస్త నిరాశగా.

బావ గోడకి జారబడ్డాడు. డాబా మెట్ల మీంచి ఒకావిడ గబగబా దిగింది. వాచ్‌మన్ భార్య. చెవి దగ్గర ఫోను.

“ఏం అన్నయ్యా, గొంతు పోయేలా చెప్పానే!” అంది.

“చెప్పానే!” అంది బావ చొక్కా జేబు.

బావ మెల్లగా ఫోను తీశాడు. ఇందాకటి కాల్ కట్ చెయ్యనేలేదు.

“మిల్లు నడిచే రోజుల్లో లోపల్నించి దారి ఉండేది, మూశాక గోడ కట్టేశారు” అందావిడ నవ్వాపుకుంటూ. “మీరేమో ఆ గోడ చుట్టూ, మా ఆయనేమో సైకిలు మీద మీ వెనకాల! ఫోను నాకిచ్చి పోయాడు. డాబా మీంచి అంతా కనబడుతుంటే ఆగలేక చెప్పాను.”

బావకి ప్రాణం లేచొచ్చింది. పగలబడి నవ్వాడు. “మరి ఆయనేడీ?”

“పిచ్చి మనిషి, మీకోసం ఇంకా తిరుగుతూనే ఉంటాడు” అని కిటికీ తెరిచింది.

నిజమే. మిల్లు గోడ వెంబడి టార్చి వెలుగు ఊగుతూ పోతోంది.

దాని వెనకాల… కొంచెం ఎడంగా… ఇంకో వెలుగు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. బావ వైపు చూసింది. మళ్ళీ కిటికీ వైపు చూసింది.

“అన్నయ్యా…” అంది గుసగుసగా. “మీరు ఇక్కడే ఉన్నారు కదా?”