తిన్నాక స్నానం

ఉదయ్‌కుమార్ మధ్యాహ్నం భోజనానికి వెళ్లి తడి తలతో తిరిగొస్తున్నాడని ధనశ్రీ కనిపెట్టి వారం రోజులైంది.

పోర్టు దగ్గరి షిప్పింగ్ ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. ఏడాదిగా ప్రేమ. ఆదివారం అతను ధనశ్రీ వాళ్లింటికొచ్చి ఆమె నాన్నతో పెళ్లి మాట ఎత్తాలి. ఒక్కణ్నే వస్తానన్నాడు. మీ అమ్మగారిని తీసుకురావా అంటే, అమ్మకి ఏదో బిజినెస్సనీ, తీరదనీ మాట దాటేశాడు.

భోంచేసి ఎవరైనా కాసేపు నడుస్తారు, లేదంటే కునుకు తీస్తారు. స్నానం చేస్తారా? పైగా ఘుమఘుమలాడే సబ్బు వాసన. మూడయ్యేసరికి కడుపు పట్టుకుని సోడా తాగుతాడు. అడిగితే ఎండకి మొహం కడుక్కున్నానంటాడు. మొహం కడుక్కుంటే వీపు తడుస్తుందా?

"మిట్టమజ్జానం తానం సేసొత్తన్నాడంటే ఆ బాత్రూం ఎవులిదో ముందు కనుక్కోవే," అంది పక్క సెక్షన్ అనూరాధ. ఆ మాట ముల్లులా దిగింది. ఇంకో మనిషి ఉంటే, ఆదివారం మాట ఉండదు.

శుక్రవారం స్కూటీ మీద వెంటపడింది. అతని బైక్ ఫిషింగ్ హార్బర్‌లోకి తిరిగి, జనంలో మాయమైంది. అరగంట వెతికాక ఒక రేకుల షెడ్డు ముందు బైక్ కనిపించింది. మేకుకి ఉదయ్ షర్టు. దాని కింద కత్తిపీట ముందేసుకుని ఒక పెద్దావిడ.

"ఈ చొక్కా ఎవరిదండీ?"

"మా గుంటడిదమ్మా, నా కొడుకుది. ఆపీసు ఉజ్జోగం. నాకు బుజం నొప్పని రోజూ వొచ్చి, నాతో నాలుగు మెతుకులు తిని, సేపల పెట్టెలు మోసి, అప్పుడు తానం సేత్తాడు. తిన్నెంటనే వొద్దురా, కడుపు సెడద్దని మొత్తుకుంతన్నాను. ఇంటాడేటి? ఆపీసులో ఎవులికో సేపల వాసన పడదంట."

పది రోజుల కిందట ఉదయ్ ఫైలు ఇవ్వడానికి వంగినప్పుడు, ఎక్కడిదీ చేపల కంపు అంటూ కిటికీ తెరిచింది తనే. ఊరికే అన్న మాట. సిగ్గుతో ధనశ్రీకి తలెత్తబుద్ధి కాలేదు.

షెడ్డు వెనకనుంచి తల తుడుచుకుంటూ వచ్చిన ఉదయ్ ఆమెను చూసి నిలువునా నీరుగారిపోయాడు.

"చేపల వాసన పడని ఆ ఎవరో నేనే అత్తా," అంది ధనశ్రీ. "ఆదివారం మా ఇంటికి మీరు రావాలి. మీరు రాకపోతే ఇతన్నీ రావద్దనండి."

అత్తా అన్న పిలుపుకి ఉదయ్ తల్లి అప్పాయమ్మ చేతిలో చేప ఆగింది. పిల్లని ఎగాదిగా చూసింది, కొడుకుని చూసింది, అంతా అర్థమైంది. పీట జరిపి కూర్చోమంది. ధనశ్రీ చున్నీ దోపుకుని ఆ పొలుసుల మధ్యే కూర్చుంది.

"వొత్తాను గానీ పిల్లా, ముందు ఈడిసేత ఈ తానం మానిపించు. నా మాటెలాగూ ఇనడు."