మనిషేనా?

కాకినాడలో ఇప్పుడు ఫోనెత్తి హలో అనడం మానేశారు. "మనిషేనా?" అని అడుగుతున్నారు. అడిగినా ఒరిగేదేమీ లేదు, మెషీన్ కూడా అవుననే అంటుంది.

ఈ పాపంలో హైమవతికి వాటా ఉంది. కుట్టుమిషన్లు రిపేరు చేసే కొట్లో కూర్చుని, నెట్‌లో ఉచిత పాఠాలు చూసి ప్రోగ్రామింగ్ పట్టేసిన మనిషి. అక్క భ్రమరకు నత్తి. గ్యాస్ ఆఫీసువాళ్లు కూడా విసుక్కుని ఫోన్ పెట్టేస్తుంటే ఒళ్లుమండి 'మాటసాయం' రాసింది. రెండు ముక్కలు టైపు చేస్తే చాలు, ఆ సాఫ్ట్‌వేర్ పది వాక్యాలు అల్లి భ్రమర గొంతుతోనే గడగడా చెప్పేస్తుంది. మంచికి పోయి దాన్ని ఊరికే పంచిపెట్టింది. జిల్లాలో ఉన్న అబద్ధాలకోర్లంతా ఎగబడి, పరాయి గొంతులతో ఫోన్లు మొదలెట్టారు.

దాంతో 'జల్లెడ' రాయాల్సొచ్చింది. అది మాటను వినదు, మాట వెనకున్న ఊపిరిని వింటుంది. మనిషి ఊపిరి ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. మెషీన్‌ది అరువు ఊపిరి, ఎప్పుడూ ఒకే కొలత. మనిషైతే స్క్రీన్ పచ్చ, మెషీనైతే ఎరుపు.

ఏలూరులో అద్దాలకొట్టు పరంజ్యోతి మూడు నెలలుగా భ్రమరతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. రేపు పెళ్లి మాటలకు వస్తానన్నాడు. భ్రమర తలుపేసుకుని మాట్లాడేది గానీ, హైమ అనుమానం తలుపులకు ఆగేదా?

"ఆడది మాట్లాడుతుంటే మూడు నెలలు అడ్డురాకుండా విన్నాడంటే వాడు మగాడు కాదే అక్కా. సాఫ్ట్‌వేరు."

ఆ సాయంత్రం ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, పక్కనే జల్లెడ తెరిచింది. పూతరేకులు తేనా అని అడిగాడు పరంజ్యోతి. పచ్చ. హైమ నమ్మక, జల్లెడ ఆపేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పచ్చే. ఇంతలో ఇవతలి నుంచి జవాబు వెళ్లింది, మీరొస్తే అదే తీపండీ అని.

ఎరుపు.

హైమ తల తిప్పింది. అక్క పెదవులు మూసే ఉన్నాయి. బొటనవేలు స్క్రీన్ మీద ఉంది.

నత్తి సంగతి ఆయనకు చెప్పలేదా అని గుసగుసగా నిలదీసింది. లేదన్నట్టు తలాడించింది భ్రమర.

"రేపు ఎదురుగా కూర్చుని టైపు కొడతావా? చెప్పేయ్ ఇప్పుడే." హైమ మాటసాయం ఆపేసింది.

భ్రమర ఫోన్ మీదికి వంగింది. "న... నేనండీ. భ్ర... భ్ర... భ్రమరని."

అవతల పరంజ్యోతి గొంతు గట్టిపడింది.

"ఎవరమ్మా నువ్వు? గొంతు బాగానే దొంగిలించావు గానీ, ఆవిడ ఇలా తడబడరు. ఈ మెషీన్ల మోసాలు నాకు తెలియనివా? ఫోన్ భ్రమరగారికివ్వు."

భ్రమర చెల్లెలి వంక చూడలేదు. మాటసాయం మళ్లీ ఆన్ చేసి రెండు ముక్కలు కొట్టింది.

"ఎవరో మధ్యలో దూరారండీ," అంది ఆమె గొంతు, ఎక్కడా తొట్రుపడకుండా. "ఇప్పుడు నేనే."

"హమ్మయ్య," అన్నాడు పరంజ్యోతి. "మీరేనా."