గడియ మీది తువ్వాలు

ఆ ఉదయం ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆమె, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ముఖాన నెత్తురు చుక్క లేదు. చేతులు ఏళ్ళ తరబడి నూనెలో నాని నున్నబడ్డాయి.

"నేను ఎవర్నీ చంపలేదండీ," అంది గుమ్మం దగ్గరే నిలబడి.

లెక్కల టీచరు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. ఆవిడ స్కూల్లో లెక్కలు చెప్పడం మానేసి ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచి తొమ్మిదేళ్ళయింది. పని మారినా పిలుపు మారలేదు. అసిస్టెంటు ఆవిడ పాత శిష్యుడే. లెక్కల్లో మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఆవిడ చలవతో గట్టెక్కాడు. అప్పటినుంచీ ఆవిడంటే అతనికి భయమూ భక్తీ సమానంగా ఉన్నాయి.

"ముందు కూర్చో అమ్మా. మొదటినుంచీ చెప్పు," అంది టీచరు.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఊరికి దూరంగా కొండవాలు మీద ఒక హోమ్‌స్టే ఉంది. పెద్ద పాత ఇల్లు, నాలుగైదు గదులు, వెనక స్విమ్మింగ్ పూల్, దాన్ని ఆనుకుని స్పా. ఆమె అక్కడ ఆరేళ్ళుగా మసాజ్ పని చేస్తోంది. స్పా అమ్మాయి అంటే అక్కడ ఈమే. యజమానురాలిని అందరూ అక్కగారు అంటారు. కిందటి వారం అక్కగారి చెల్లెలు, చెల్లెలి భర్త విశ్రాంతి కోసం వచ్చారు. నాలుగు రోజుల క్రితం, వాన పడుతున్న సాయంత్రం, ఆ పెద్దమనిషి ఆవిరి గదిలో చనిపోయాడు. బయట గడియ వేసి ఉంది.

ఆవిరి గది ఒకప్పుడు సామాన్ల గది. అందుకని దానికి బయటి గడియ అలాగే ఉండిపోయింది. వానకు ఉబ్బిన తలుపు గాలికి కొట్టుకుంటుందని, గది ఖాళీగా ఉన్నప్పుడు గడియ వేసేవాళ్ళు. లోపల మనిషి ఉంటే ఆ గడియకు ఒక స్పా తువ్వాలు తగిలించాలి. తువ్వాలు కనిపిస్తే ఎవరూ గడియ ముట్టుకోరు. కనిపించకపోతే గది ఖాళీ అని లెక్క. ఈ పద్ధతి అక్కగారు పెట్టిందే. గడియ పీకించెయ్యమని స్పా అమ్మాయి రెండుసార్లు అడిగింది కానీ, అక్కగారు చూద్దాంలే అని ఊరుకుంది.

"నాలుగింటికి ఆయన్ని లోపలికి పంపి, తువ్వాలు తగిలించానండీ. పది నిమిషాల్లో వద్దామని నూనె వేడి చెయ్యడానికి వెళ్ళాను. గ్యాస్ అయిపోయింది. సిలిండర్ మార్చి వచ్చేసరికి అరగంట దాటింది. చూస్తే తువ్వాలు లేదు, గడియ వేసుంది. ఆయన బయటికొచ్చి గదికి వెళ్ళిపోయారనుకున్నాను. ఆ తలుపు ముందునించే నడిచి వెళ్ళానండీ."

అయిదున్నరకు చెల్లెలు తన భర్త ఏడని అడిగితే వెతికారు. తలుపు తీసింది ఈమే. ఆవిరి యంత్రం అరగంటకు దానంతటది ఆగిపోతుంది. కానీ అరవై దాటిన గుండె ఆ వేడిని తట్టుకోలేదని డాక్టరు తేల్చాడు. పోలీసులేమో ఆమె తువ్వాలు తగిలించనే లేదంటున్నారు. ఎల్లుండి అరెస్టు చేస్తారట. ఆమెకు ఎనిమిదేళ్ళ కూతురు ఉంది. ఆ పిల్లకు తల్లి తప్ప ఎవరూ లేరు. తను జైలుకు వెళితే పిల్లను ఏ అనాథాశ్రమంలో వేస్తారో అన్నదే ఆమె దిగులంతా. తన సంగతి ఒక్క మాటైనా ఎత్తలేదు.

మధ్యాహ్నానికి టీచరూ అసిస్టెంటూ హోమ్‌స్టే చేరారు. ముసురు పట్టిన ఆకాశం కింద పూల్ నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి. అతిథులందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పడక కుర్చీలు వానలో తడుస్తున్నాయి. హాయిగా ఉండటానికని కట్టిన చోటు అంత బావురుమంటుంటే అసిస్టెంటుకు మనసంతా అదోలా అయింది.

అక్కగారు యాభై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. దాచడానికేముంది, అంతా చూసుకోండి అంది. ఇక్కడ గదికో పువ్వు పేరు. ఆ గది దుప్పట్ల మీదా దిండ్ల మీదా ఆ పువ్వే కుట్టి ఉంటుంది. అంతా అక్కగారి చేతి కుట్టే. టీచరుకు మందార గది ఇచ్చింది. అసిస్టెంటుకు వంటింటి వెనక ఉన్న పేరులేని చిన్న గది దక్కింది. అక్కడ మంచం ఒకటి, కుర్చీ ఒకటి, చామంతి పువ్వు కుట్టిన లేత గులాబీ రంగు దిండు గలీబు. పాపం, ఆ గలీబు చూసి అతను మురిసిపోయాడు కూడా. తనకంటూ ఎవరైనా ఇంత ముచ్చటైన రంగు ఎంచి వేయడం అతని అనుభవంలో లేదు.

ముందుగా పూల్ తాతను పిలిచారు. పూల్ శుభ్రం చేసేది, తోట చూసేది, సాయంత్రం తలుపులన్నీ వేసేది ఆ ముసలాయనే.

"నాలుగుంబావుకు అటు వెళ్ళానమ్మా. తువ్వాలు లేదు. గడియ పెట్టేశాను," అన్నాడు.

"లోపలినించి చప్పుడేమీ వినపడలేదా?"

"పూల్ మోటారు హోరులో పక్కనున్న మనిషి మాటే వినపడదమ్మా. వినపడి ఉంటే..." అని ఆగిపోయి, తువ్వాలు లేని మాట మాత్రం ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతానన్నాడు. ఆ తర్వాత తన గోడు వెళ్ళబోసుకున్నాడు. వారంరోజులుగా ఎండ లేదు. ఉతికిన తువ్వాళ్ళు ఆరి చావవు. ఆ రోజు మధ్యాహ్నం నించీ పూల్ దగ్గరి స్టాండు ఖాళీ. అన్నిటికీ తననే అంటారు. అసిస్టెంటు ఈ సొదంతా శ్రద్ధగా రాసుకున్నాడు.

చామంతి గదిలో చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అక్కకంటే పదేళ్ళు చిన్నది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. టీచరు అడిగిన వాటికి మెల్లగా జవాబిచ్చింది. ఆయన మసాజ్‌కని వెళ్ళాడు. ఆవిరి గదికి కూడా వెళతాడని ఆమెకు తెలియదు. తను పూల్లో ఈదుతుంటే వాన పెద్దదైంది. వణుక్కుంటూ బయటికొచ్చి, ఒళ్ళు తుడుచుకుని, గదికొచ్చి పడుకుంది. లేచేసరికి అయిదున్నర. అక్క ఆ రోజునించీ తనను ఎవరితోనూ మాట్లాడనివ్వడం లేదు. పోలీసులతో కూడా అన్నీ అక్కే మాట్లాడింది.

"ఆ అమ్మాయి మా ఆయన్ని లోపల పెట్టి మర్చిపోయిందట. పాతికేళ్ళ కాపురమండీ," అంది. "ఆమెను వదలకండి."

ఇక స్పా. ఆయన పోయిన మర్నాటి నించీ పోలీసులు దానికి తాళం వేసి ఉంచారు. తాళంచెవి పట్టుకుని ఇన్‌స్పెక్టరే వచ్చాడు. అల్మారాలో ఇటుక రంగు తువ్వాళ్ళు ఆరు, మడతలు పెట్టి ఉన్నాయి. నూనె మరకలు కనపడకుండా స్పాకు ఆ రంగు, పూల్‌కు నీలం, గదులకు తెలుపు.

"ఉన్నవే ఆరు. ఆరూ ఇక్కడే ఉన్నాయి. మరి ఈమె తగిలించింది ఏది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

స్పా అమ్మాయి తల వంచుకుంది. అక్కగారు పక్కనుంచి, ఆమెకు మతిమరుపు ఎక్కువేనని, ఇదివరకు కూడా తాను మందలించానని మెల్లగా చెప్పింది. టీచరు ఆ మాట విననట్టే ఒక్కో తువ్వాలూ తీసి వాసన చూసింది. నాలుగోది రెండుసార్లు చూసి, అసిస్టెంటు ముక్కు దగ్గర పెట్టింది. మిగతావి ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని నూనె కంపు కొడుతున్నాయి. ఇది మాత్రం కొత్త పెళ్ళికూతురి పెట్టెలా ఘుమఘుమలాడుతోంది.

"వీటిని ఎవరు ఉతుకుతారు?" అని అడిగింది టీచరు.

తనే ఉతుకుతానంది స్పా అమ్మాయి. వేన్నీళ్ళలో సోడా వేసి, విడిగా. రంగు దిగుతుంది కాబట్టి తెల్లబట్టలతో కలపదు. మసాజ్ అయిన ఒంటికి పడదని వాసన మందు కూడా వాడదు. గదుల బట్టలు మాత్రం అక్కగారే మెషీన్లో వేసుకుంటుంది, సువాసన ద్రవం పోసి.

ఆ సాయంత్రం టీచరు అసిస్టెంటు గదికి వచ్చి, అతని దిండును కాసేపు చూసింది. గలీబు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. దాన్ని మడిచి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత పూల్ గట్టున అక్కగారితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. అసిస్టెంటుకు మాటలు వినపడలేదు. అక్కగారు అడ్డంగా తల ఊపడం మాత్రం కనిపించింది.

మర్నాడు పదింటికి అందరూ భోజనాల హాల్లో చేరారు. అక్కగారు, ఆమె పక్కన చెల్లెలు, గోడవారగా పూల్ తాత, తలుపు దగ్గర స్పా అమ్మాయి. ఇన్‌స్పెక్టర్ టోపీ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. టీచరు ముఖంలో గెలిచిన కళ ఏమీ లేదు. అసిస్టెంటుకు అదే వింతగా తోచింది.

"ఇక్కడ ఇద్దరు రెండు మాటలు చెప్పారు," అని మొదలుపెట్టింది ఆవిడ. "తువ్వాలు తగిలించానని ఈ అమ్మాయి. తువ్వాలు లేదని ఆ పెద్దాయన. ఒకరు అబద్ధం ఆడి ఉండాలని పోలీసులు అనుకున్నారు. నేనూ మొదట అదే అనుకున్నాను. ఇద్దరూ నిజమే చెప్పారు. నాలుగింటికి తువ్వాలు ఉంది. నాలుగుంబావుకు లేదు. మధ్యలో ఎవరో తీశారు."

"ఆరూ అల్మారాలోనే ఉన్నాయి కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తర్వాత తిరిగొచ్చింది. వాటిలో ఒకటి గదుల బట్టలకు పోసే ద్రవం వాసన వేస్తోంది. అంటే దాన్ని గది బట్టలతో కలిపి ఉతికారు. స్పా అమ్మాయి ఆ పని చెయ్యదు, రంగు దిగుతుందని ఆమెకు తెలుసు. దిగింది కూడా." టీచరు సంచిలోంచి గులాబీ రంగు గలీబు తీసి బల్ల మీద పరిచింది. "ఇది తెల్లగా ఉండేది. మా వాడి దిండుకు తొడిగారు. ఆ గదికి పువ్వు లేదు. దీని మీద చామంతి ఉంది."

తను మురిసిన రంగు అదా అని అసిస్టెంటుకు ఒళ్ళు జలదరించింది. అక్కగారు గలీబు వైపు చూడలేదు. స్వయంగా కుట్టిన పువ్వును పారెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదని అందరికీ అర్థమైంది.

"చామంతి గది బట్టలతో పాటు ఉతికారంటే, తువ్వాలు చామంతి గదిలో దొరికింది. అక్కగారూ, నిన్న మీ ఒక్కరికే చెప్పాను. ఇన్‌స్పెక్టర్ గారిని పక్కకు పిలిచి మీరే చెప్పమన్నాను. మీరు కాదన్నారు. ఇంకో దారి ఉంటే నేను ఇలా అందరి ముందూ..." టీచరు మాట పూర్తి చెయ్యలేదు. అసిస్టెంటు ఆవిడ మాట తడబడగా వినడం అదే మొదలు.

అంతవరకూ చెల్లెలు అయోమయంగా వింటోంది. ఇప్పుడు మెల్లగా అడిగింది. "గడియకు తువ్వాలు తగిలించడం ఏమిటి? ఎందుకు?"

పూల్ తాతే చెప్పాడు, ఏమీ తెలియక. "లోపల మనిషి ఉన్నాడని గుర్తమ్మా. తువ్వాలుంటే మేం గడియ వెయ్యం."

చెల్లెలు తన రెండు చేతుల వైపూ చూసుకుంది. "వానలో వణికిపోతున్నాను," అంది. "స్టాండు మీద ఒక్క తువ్వాలూ లేదు. ఆ తలుపుకు ఇటుక రంగుది వేలాడుతుంటే..." అక్క వైపు తిరిగింది. "అక్కా, అది నేనే తీసుకున్నాను. నీకు తెలుసా?"

అక్కగారు చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రాత్రి చామంతి గదిలో తడి తువ్వాలు కనపడగానే తనకు తెలిసిపోయిందని, పక్క బట్టలతో చుట్టి ఉతికేసి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, తెల్లారి పోలీసులకు స్పా చూపించే ముందే అల్మారాలో పెట్టేశానని ఒప్పుకుంది.

"పోలీసులు వచ్చి తాళం వేసేలోగా పెట్టానండీ. హోమ్‌స్టే పరువు కోసం కాదు. మా బుజ్జి చెల్లికి ఈ మాట తెలియకూడదనుకున్నాను. అంతే."

"మరి ఈ అమ్మాయి? ఈమె కూతురు?" అంది టీచరు.

ఇన్‌స్పెక్టర్ లేచి, స్పా అమ్మాయి మీద కేసు ఉండదని చెప్పాడు. సాక్ష్యం మార్చినందుకూ, గడియ తీయించనందుకూ అక్కగారు స్టేషనుకు రావాలన్నాడు. తెలియక తువ్వాలు తీయడాన్ని ఏ చట్టమూ నేరమనదని, చెల్లెలి వైపు చూడకుండానే అన్నాడు. తనకు బతుకు తిరిగొచ్చిన ఆ క్షణంలో స్పా అమ్మాయి ముఖాన సంతోషం లేదు. ఆమె ఏడుస్తోంది.

చెల్లెలు అక్క చెయ్యి విడిపించుకుని లేచి, తలుపు దగ్గరికి నడిచింది. నిన్నటిదాకా తను వదలొద్దన్న మనిషి ఎదురుగా నిలబడింది.

"తలుపు తీసింది నువ్వే కదమ్మా," అంది. "ఒక్క మాట నిజం చెప్పు. ఆయన లోపల తలుపు కొట్టారా? నన్ను పిలిచారా?"

పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ ఫైలు అసిస్టెంటు చూశాడు. చనిపోయిన మనిషి రెండు చేతుల వేళ్ళ కణుపులూ చితికి ఉన్నాయని అందులో రాసి ఉంది. ఆ చేతుల్ని పట్టుకుని బయటికి లాగింది స్పా అమ్మాయే.

"లేదండీ," అంది ఆమె. "బల్ల మీద పడుకునే ఉన్నారు. నిద్రలోనే పోయారు."

ఇన్‌స్పెక్టర్ టోపీ అందుకున్నాడు. లెక్కల టీచరు బల్ల మీది గలీబును మడతపెట్టసాగింది.

"నిద్రలోనేనా?" అని చెల్లెలు మళ్ళీ అడిగింది.

"నిద్రలోనేనండీ," అని స్పా అమ్మాయి మళ్ళీ చెప్పింది.