టోఫీ పొట్ట మీద బొబ్బలు

"దీన్ని పెంచుతున్నారా, వేయిస్తున్నారా?"

డాక్టర్ నెరిస్ ప్రోబర్ట్ అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అదే.

జంతువుల ఆసుపత్రి బల్ల మీద కార్పెట్ జాతి కొండచిలువ ఒకటి, ఆరడుగులది, సగం తిరగబడి ఉంది. పొట్ట మీద గోధుమరంగు మచ్చలు. అక్కడక్కడా పొలుసుల అంచులు పైకి లేచి, కింద చర్మం ఎర్రగా కనిపిస్తోంది. దాని తల పట్టుకుని నిలబడ్డ రోవన్ టిలార్డ్ ఫెర్రీ పడవ సిబ్బంది యూనిఫాంలో నిలువునా తడిసిపోయి ఉన్నాడు. టౌన్స్‌విల్‌లో వానలు మొదలై అప్పటికి చాలా రోజులైంది.

"దీని పేరు టోఫీ," అన్నాడతను.

"నేను పేరు అడగలేదు."

"నన్నెంత తిట్టినా పడతాను డాక్టర్. వేయించడం, కాల్చడం లాంటి మాటలు మాత్రం దీని ముందు వద్దు. బెంగపెట్టుకుంటుంది."

"పాములకు చెవులుండవు."

"మీకున్నాయిగా! వినండి మరి. దీని పెట్టెలో వెచ్చదనానికి వేసిన హీట్ మ్యాట్‌కి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పెట్టాను. కాలేంత వేడి ఎప్పుడూ ఎక్కదు."

"అందరూ ఇలాగే చెబుతారు," అంది నెరిస్. నవ్వు వస్తుందేమోనని తల వంచేసుకుంది.

గోరువెచ్చని నీళ్లలో బెటాడిన్ కలిపింది. పలుచటి టీ రంగు వచ్చేదాకా కలిపి, దూదితో ఒక్కో పొలుసూ తుడిచింది. టోఫీ నెమ్మదిగా రోవన్ మణికట్టును చుట్టుకుంది. నొప్పి పుట్టినప్పుడల్లా ఆ చుట్టు బిగుస్తోంది. "అయిపోయిందిరా బంగారం, ఇంకొంచెమే," అని అతను గుసగుసలాడుతుంటే నెరిస్ చెయ్యి ఎందుకో కాస్త మెత్తబడింది.

"మ్యాట్ ఆపేయండి. రోజూ ఈ క్రీమ్ రాయండి. లేచిన పొలుసుల్ని పీకకండి."

"మా అమ్మ నా గాయాలక్కూడా ఇంత శ్రద్ధగా చెప్పలేదు."

"మీ అమ్మగారికి మీ సంగతి తెలిసి ఉంటుంది."

అతను వెళ్లిపోయాక కూడా, ఆ గదిలో వాన వాసనా ఉప్పునీటి వాసనా చాలాసేపు మిగిలిపోయాయి.

తర్వాతి వారం మళ్లీ వచ్చాడు. ఈసారి జోకుల్లేవు. మచ్చలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. టోఫీ తిండి కూడా మానేసింది.

నెరిస్‌కి ఒళ్లు మండింది. బయట కుర్చీల్లో కూర్చున్న వాళ్లందరికీ వినబడేలా అనేసింది: "మ్యాట్ ఆపలేదు కదూ? చూసుకోవడం చేతకాకపోతే చూసుకునే వాళ్లకు ఇచ్చేయండి."

రోవన్ ముఖం తెల్లబోయింది. "మొదటి రోజే ఆపేశాను," అన్నాడు మెల్లగా. టోఫీని సంచిలో సర్దుకుని, తలుపు చప్పుడు కూడా కాకుండా వెళ్లిపోయాడు.

అరిచి వెళ్లినా బాగుండేది అనుకుంది నెరిస్.

ఆ సాయంత్రం, టోఫీకి తను తీసిన ఫోటోలు మళ్లీ చూసుకుంది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది. కొత్త బొబ్బలు మెడ దగ్గర ఉన్నాయి, పక్కల మీద ఉన్నాయి. చిన్నవి, లోపల నీరు పట్టినవి. కాలిన గాయం కాలిన చోటే ఉంటుంది గానీ ఇలా ఒళ్లంతా పాకదు. ఇది చెమ్మ వల్ల పుట్టే బొబ్బల జబ్బు. వేడి తీసేయమని తనే చెప్పింది. ఉన్న ఆ కాస్త పొడిదనం కూడా పోయి, చెమ్మ ఇంకా పెరిగింది. క్రిములు రక్తంలోకి చేరితే పాము బతకదు.

రోవన్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మందుల సంచి భుజాన వేసుకుని, అతని ఇల్లున్న దీవి, మాగ్నెటిక్ ఐలాండ్‌కి వెళ్లే ఫెర్రీ కోసం వానలో పరిగెత్తింది.

పడవ మెట్ల దగ్గర టికెట్లు చూస్తున్నది రోవనే.

"టికెట్?" అన్నాడు, ముఖం చూడకుండా.

"నేను తప్పు చేశాను రోవన్."

"అది టికెట్ కాదు."

"అది కాలిన గాయం కాదు, చెమ్మ జబ్బు. నువ్వు నిజమే చెప్పావు, నేనే వినలేదు. అందరి ముందూ అన్నాను, క్షమించమని కూడా అందరి ముందే అడుగుతున్నాను."

వెనక వరుసలో గొడుగులు ఆగిపోయాయి. "లోపలికి పంపవయ్యా, తడిసిపోతున్నాం!" అన్నాడు ఒక పెద్దాయన.

రోవన్ అప్పుడు తలెత్తాడు. "టోఫీ బతుకుతుందా?"

"బతికించడానికే వచ్చాను."

అతని ఇంట్లో పాము పెట్టెను ముందుకు జరిపితే గోడ మొత్తం తడి. పైకప్పు నుంచి కారిన నీళ్లు పెట్టె కిందికి చేరి, అడుగున పరిచిన చెక్కపొట్టును లోలోపల నానబెట్టేశాయి. ఇద్దరూ కలిసి అదంతా తీసేశారు. కొత్త పెట్టెలో పొడి కాగితాలు పరిచి, హీట్ మ్యాట్ మళ్లీ ఆన్ చేశారు. నెరిస్ ఇంజెక్షన్ ఇస్తుంటే రోవన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"సూది దానికి, నీకు కాదు."

"దానికి కనురెప్పల్లేవు కదా, దాని వంతు నేను మూసుకుంటున్నా."

కొద్ది రోజులకొకసారి ఇంజెక్షన్ వేయాలి. టోఫీని ఫెర్రీలో అటూ ఇటూ తిప్పితే అలిసిపోతుందని, నెరిసే దీవికి రావడం మొదలుపెట్టింది. కాగితాలు మార్చేవారు, మందు రాసేవారు. ఆ తర్వాత రోవన్ వాళ్లమ్మ జోన్ తన వేపుళ్ల కొట్టు నుంచి పంపిన చేప వేపుడు వరండాలో కూర్చుని తినేవారు. వాన పలుచబడి బండల మధ్య నుంచి ఆవిర్లు లేస్తుంటే, సముద్రం ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మాటలు ఆగిపోయినా ఇద్దరికీ తెలిసేది కాదు.

ఒకరోజు టోఫీ కళ్లు పాలు కలిపిన నీలంలోకి మారాయి.

"కుబుసం విడుస్తుంది," అంది నెరిస్. "ఇప్పుడేమీ చెయ్యకూడదు. ఎదురుచూడాలంతే."

"నాకు అలవాటే," అన్నాడు రోవన్, ఆమె వైపు చూస్తూ. ఆమె ఫెర్రీకి వేళయిందని లేచింది. నిజానికి ఇంకా చాలా వేళ ఉంది.

కుబుసం ఊడింది. కింద కొత్త చర్మం మెరుస్తోంది. బొబ్బలున్న చోట పొలుసులు కాస్త వంకరగా, లేతగా వచ్చాయి గానీ గాయాలన్నీ మూసుకున్నాయి. టోఫీ ఆకలిగా తిన్నది కూడా.

"ఇంక నేను రానక్కర్లేదు," అంది నెరిస్.

"అవును, అక్కర్లేదు," అన్నాడు రోవన్.

ఇద్దరూ చాలా సంతోషంగా ఉన్నట్టు ముఖాలు పెట్టుకుని విడిపోయారు.

ఆదివారం పొద్దున్నే రోవన్ నుంచి ఫోటో వచ్చింది. టోఫీ మెడ పక్కన ఎర్రటి మచ్చ. 'కొత్త పుండులా ఉంది. భయంగా ఉంది' అని కింద రాశాడు.

నెరిస్ తర్వాతి ఫెర్రీకే వచ్చింది. జోన్ తలుపు తీసింది. రోవన్ పామును ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

నెరిస్ మచ్చను వేలితో తుడిచి వాసన చూసింది. "టమాటా సాస్."

రోవన్ పాము పొలుసులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

"ఏ సాస్ అయితే పుండులా కనిపిస్తుందని పొద్దుట నన్నే అడిగాడమ్మా," అంది జోన్. "చేపల మీదికేమో అనుకున్నాను."

"అమ్మా!" రోవన్ చెవులు ఎర్రబడ్డాయి. "నెరిస్, తప్పే. అబద్ధమాడాను. నిన్ను రమ్మనడానికి ఇంకో కారణం దొరకలేదు. నువ్వు రాని వారం ఎలా గడుస్తుందో నాకు తెలీడం లేదు. నువ్వంటే నాకిష్టం. చాలా. హడలిపోయి పరిగెత్తుకొచ్చి ఉంటావు, కోపం వచ్చినా..."

"ఆగరా," అంది జోన్. నెరిస్‌ని పైనుంచి కిందిదాకా చూసింది. పసుపుపచ్చ గౌను, చేతిలో మామిడిపళ్ల సంచి. "హడలిపోయి వచ్చిన డాక్టర్ మందుల సంచి ఏదీ?"

రోవన్ నోరు తెరుచుకుంది.

నెరిస్ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. "సాస్‌కి మందెందుకు? ఫోటో చూడగానే తెలిసిపోయింది."

"తెలిసీ వచ్చావా?"

"ఈసారి గాయం ఏమిటో సరిగ్గానే గుర్తుపట్టాను," అంది నెరిస్, ఇటు తిరిగి. "నాక్కూడా అదే ఉంది మరి."

"ఆ పాముకి ముందు మెడ కడగండి," అంది జోన్ వంటింట్లోకి నడుస్తూ. "ముగ్గురికీ చేపలు వేయిస్తున్నాను. నెరిస్, ఈ ఇంట్లో నీ కుర్చీ కిటికీ పక్కది. అది ఇంకెవరికీ ఇవ్వను."