నోరులేనోళ్ల గంట

"కొట్టినవా, కొట్టలేదా? ఒక్క మాట చెప్పు!"

కట్టయ్య ఆ ప్రశ్న అడగడం అది ఏడోసారి. ఊరి కాపలా సంఘం నాయకుడు కాబట్టి ఓపిక పట్టాడు గానీ, లేకపోతే ఈపాటికి వీపు విమానం మోత మోగించేవాడే. ప్రార్థన గుడిసె ముందు ఊరంతా నిలబడి ఉంది. మధ్యలో ప్రార్థన గంట కొట్టే సాంసన్, చంకలో పరిశుద్ధ గ్రంథంతో, నేల చూపులు చూస్తూ.

"నోరు కాచుకున్నోడు పానం కాచుకుంటడు, కట్టయ్యన్నా," అన్నాడు నెమ్మదిగా.

జనం వెనక నిలబడ్డ బుచ్చమ్మకు ఒళ్లు మండిపోయింది. ఊరు విడిచి పొమ్మంటుంటే కూడా వీడికి నీతివాక్యమే దొరికిందా?

గుడిసె ముందు చింతకొమ్మకు కట్టిన రైలుపట్టా ముక్కే ఆ ఊరికి గంట. ఆదివారం మూడు దెబ్బలు పడితే ప్రార్థన. ఆగకుండా మోగితే మాత్రం రజాకార్లు వస్తున్నారని అర్థం. మగవాళ్లు వడిసెలలు, ఆడవాళ్లు కారప్పొడి పట్టుకుని పొలిమేరకు పరుగెత్తాలి. సంఘం పెట్టిన కట్టుబాటు అది.

నిన్న మధ్యాహ్నం అలాగే పరుగెత్తారు. తీరా చూస్తే గుర్రం లేదు, తుపాకీ లేదు. పాలకుర్తి దిక్కునుంచి ఒక మేకల మంద వస్తోంది. దుర్గమ్మ విసిరిన కారం ఎదురుగాలికి తిరిగొచ్చి దుర్గమ్మ కళ్లలోనే పడింది.

అబద్ధపు గంట కొట్టినవాళ్లు ఊరు విడవాలి. రెండుసార్లు మోసపోయిన జనం మూడోసారి కదలరు. ఆ మూడోసారి రజాకార్లు నిజంగానే వస్తే ఊరు బూడిదే. గంట కొట్టే కడ్డీ సాంసన్ ఇంట్లో తాళం వేసి ఉంటుంది. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

"గిది గంట కింద దొరికింది." కట్టయ్య ఒక ఇనుప కట్టును పైకెత్తి చూపించాడు. "బండి సామానో, ఏందో మరి. నీదేనా?"

సాంసన్ ఆ కట్టును చూశాడు. వెంటనే కళ్లు తిప్పుకున్నాడు.

"పొద్దుగూకేదాక చూస్త. అప్పటికీ చెప్పకపోతే మూట సదురుకో," అన్నాడు కట్టయ్య.

*

బుచ్చమ్మ అతన్ని గుడిసె వెనక పట్టుకుంది.

ఆమె లెక్క ఆమెకుంది. నిన్న సరిగ్గా ఆ వేళకు బయ్యారం నుంచి ఆమెను చూడడానికి వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ప్రార్థన ప్రార్థనే, కల్లు కల్లే. కల్లు తాగితే మాట ఖాయమైనట్టు. నాయిన యాకయ్య ముంత ఎత్తాడు. అప్పుడే గంట! బయ్యారంవాళ్లు బండెక్కి ఎట్లా పోయారంటే, పెళ్లికొడుకు కిర్రుచెప్పు ఒకటి ఇంకా అరుగు కిందే ఉంది.

"నువ్వే కొట్టినవు. నాకోసమే కొట్టినవు. గా మాట నాకన్న చెప్పరాదు?"

సాంసన్ వింతగా చూశాడు. "నువ్వు... నన్ను అడుగుతున్నవా?"

"నిన్ను గాక చింతచెట్టును అడగాల్నా?"

"ప్రేమ ఉన్నకాడ తప్పులన్నీ కప్పుకపోతయ్, బుచ్చమ్మా."

"ఎవరి తప్పు? ఎవరు కప్పుతున్నరు? జర మనుషులు మాట్లాడినట్టు మాట్లాడు!"

అతను తలెత్తాడు. చూశాడంతే. ఆ చూపుతోనే రెండేళ్లుగా బుచ్చమ్మ ప్రాణం తీస్తున్నాడు. మోకాళ్లు పడిపోయి మంచం పట్టిన ఆమె అవ్వ కొమురవ్వకు నీతివాక్యాలు చదివి వినిపించే వంకతో ప్రతి సాయంత్రం వస్తాడు. గ్రంథంలో ఎన్నడో కాలం నాటి రాజు చెప్పిన మాటలన్నీ వాడి నోట్లో ఉన్నాయి. వాడి మాట మాత్రం ఒక్కటీ లేదు. ఒకసారి మంచినీళ్ల చెంబు అందిస్తుంటే వేళ్లు తగిలాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఇక చెప్తాడనుకుంది.

"దప్పికైనోనికి సల్లనీళ్లు ఎట్లనో, దూరదేశం నుంచి మంచి కబురు గట్ల," అన్నాడు.

"నేను దూరదేశం కాదు, పక్క వాడ!" అని చెంబు లాక్కుంది బుచ్చమ్మ.

ఇప్పుడూ అంతే. "పో! మూట కట్టుకోని పో! దారిల ఆకలైతే వాక్యాలు నములు!" అని విసురుగా ఇంటికి వచ్చేసింది. గడప దాటాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

*

ఆ కోపమంతా మిరపకాయల మీద తీర్చుకుందామని రోలు ముందు కూలబడింది. నిన్నటి పరుగుల్లో ఊళ్లో కారమంతా అయిపోయింది. రోకలి ఎత్తి వేసింది. దెబ్బ పడింది గానీ ఖంగుమనలేదు. మొద్దుగా, చచ్చుగా వినిపించింది.

రోకలి తిరగేసి చూసింది. అడుగున ఉండాల్సిన పొన్ను లేదు. కర్ర మీద కొత్త దెబ్బలు.

గంట కింద దొరికిన ఇనుప కట్టు!

పోయిన నెలే ఆ పొన్ను వదులైతే కమ్మరి దగ్గరికి తీసుకుపోయి బిగించి తెచ్చింది ఎవరు? సాంసన్. చూడగానే గుర్తుపట్టాడన్నమాట. ఈ ఇంటి రోకలేనని తెలుసు. అందుకే నోరు మూసుకున్నాడు. గంట కొట్టింది బుచ్చమ్మేననుకుని ఊరు విడిచిపోతున్నాడు!

"పిచ్చోడా," అనుకుంది. తిట్టుగానే మొదలైంది, చివరికి తిట్టులా లేదు.

మరి కొట్టింది ఎవరు? నిన్న ఆ వేళకు తను లోపల తల దువ్వుకుంటోంది. నాయిన అరుగు మీద ముంత పట్టుకుని ఉన్నాడు. రోకలి పెరట్లో ఉంది. ఇంట్లో మిగిలింది...

బుచ్చమ్మ మెల్లగా మంచం వైపు తిరిగింది. కొమురవ్వ కళ్లు మూసుకుని పడుకుంది. నిద్రపోయేవాళ్లు అంత గట్టిగా కళ్లు మూసుకోరు. దుప్పటి కింద నుంచి పాదాలు బయటికి ఉన్నాయి. రెండేళ్లుగా మంచం దిగని మనిషి అరికాళ్లకు ఎర్రమట్టి.

"అవ్వా."

"మోకాళ్ల నొప్పి బిడ్డా."

"మోకాళ్ల సంగతి నేనడగలే! మంచిగ నడుస్తున్నవు కదనే! రెండేండ్ల సంది గీ నాటకమేంది?"

కొమురవ్వ ఒక కన్ను తెరిచింది. "నా మోకాళ్లు మంచిగుంటే సాంసన్ మనింటికి ఎందుకొస్తడే?"

బుచ్చమ్మకు నవ్వాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. "గా సాంసన్‌నే ఊరు ఎల్లగొడుతున్నరు, నువ్వు కొట్టిన గంటకు!"

రెండో కన్ను కూడా తెరుచుకుంది. మరుక్షణం మంచం ఖాళీ.

*

పొద్దు గుడిసె కప్పు మీదికి దిగింది. సాంసన్ భుజాన మూట. బుచ్చమ్మ రోకలితో జనాన్ని చీల్చుకుని వచ్చి, కట్టయ్య చేతిలోని ఇనుప కట్టును దానికి తొడిగింది. సరిగ్గా కూర్చుంది.

జనంలో కలకలం రేగింది. వెనక నిలబడ్డ యాకయ్య నోరు తెరిచేశాడు.

"గా రోకలి నేనే తీసుకపోయిన!" అన్నాడు సాంసన్ గబగబా. "నేనే కొట్టిన!"

"ఇంట్ల కడ్డీ పెట్టుకోని నా రోకలెందుకురా నీకు? అబద్ధమాడనన్న వస్తదా?"

"నువ్వు కొట్టినవని చెప్పమంటవా మరి? నిన్ను ఎల్లగొడితే నేనెట్ల బతకాలె?"

రెండేళ్లలో సాంసన్ అన్న మొదటి సొంత మాట అది. తనే ఉలిక్కిపడ్డాడు.

"నేను కొట్టలే," అంది బుచ్చమ్మ. "నువ్వు కొట్టినవనుకోని నిన్నటి సంది సంబురపడుతున్న!"

అప్పుడు జనం రెండుగా విడిపోయారు. కర్ర లేకుండా, కుంటకుండా, కొమురవ్వ చకచకా నడిచి వచ్చింది. యాకయ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"నోరులేనోళ్ల తరఫున నువ్వు నోరు తెరువుమని చదివినవు గద బిడ్డా?" అంది సాంసన్‌తో. "నీకా నోరు లేకపాయె. దీనికా పౌరుషం. మీ అసుంటి నోరులేనోళ్లను నేనేడ సూడలే. గందుకే బయ్యారమోళ్ల మాట ఖాయం కాకముందే నేనే తెరిపించిన, గంటతోని."

ఎవరో ఫక్కున నవ్వారు. కట్టయ్య మీసం కింద నవ్వు దాచుకోలేక తంటాలు పడ్డాడు. "నవ్వుడు కాదుల్లా. నిన్ను ఊరు దాటించుడు మాతోని కాదు గని, కోతలయ్యేదాక గంటకాడ కావలి నువ్వే, అవ్వా. మోకాళ్లు మంచిగున్నయ్ కద!"

యాకయ్య తల్లిని చూశాడు, కూతురిని చూశాడు, చివరికి సాంసన్ భుజాన ఉన్న మూటను చూశాడు. దగ్గరికి వెళ్లి మూట దింపి తన భుజాన వేసుకున్నాడు.

"ముంతల కల్లు అట్లనే ఉన్నది. పులిసినట్టుంది గని, నడుస్తది," అన్నాడు.

"జర ఆగుండ్రి," అన్నాడు కట్టయ్య కాయితం తీస్తూ. "సంఘం కట్టుబాటు. గంట కొట్టినోళ్ల పేరు నలుగురి ముంగట బాజాప్తా చెప్పాలె. చెప్పు అవ్వా."

కొమురవ్వ మనవరాలి వైపు చేయి చూపింది. "గది చెప్తది. నోరున్నదో లేదో సూస్త."

బుచ్చమ్మ సాంసన్ వైపు తిరిగింది. అతను గ్రంథం తెరవబోతున్నాడు. ఆమె చేత్తో దాన్ని మూసేసి, ఊరంతటికీ వినపడేలా గొంతెత్తింది.

"గంట కొట్టింది మా అవ్వ, కొమురవ్వ! కొట్టేదాక తెచ్చింది గీ సాంసన్! పేరు రాసుకో కట్టయ్యన్నా. వీనికి శిక్ష మాత్రం నేనేస్త!"