నాలుగు గంటల ఎండ

మునిరత్నమ్మకు అన్యాయం జరిగింది 2019 ఫిబ్రవరి 17, ఆదివారం నాడు. ఆ పొద్దు ఆమె మొగుడు మునికృష్ణప్ప, పాతపాళ్య స్కూల్లో డ్రాయింగ్ మేష్టరు, రంగుల పెట్టె భుజాన వేసుకుని ఇల్లు దాటాడు. తిరిగి రాలేదు. చీకటి పడకముందే ఊరు తీర్పు చెప్పేసింది, ఎవతెతోనో లేచిపోయాడని. శవం లేదు కాబట్టి, పోయాడని రాసివ్వాలంటే ఏడేళ్లు ఆగమని ఆఫీసులో అన్నారు. అప్పట్నుంచీ ఆమె బొట్టు పెట్టుకుంటే “ఎవుడి కోసమో” అన్నారు, పెట్టుకోకపోతే “బతికున్న మొగుణ్ణి చంపేసింది” అన్నారు. ఆ నోళ్లకు వేరే పని లేదు.

బాగేపల్లి బస్టాండు వెనక నాకు పటాలు కట్టే అంగడి ఉంది. దేవుళ్లు, పెళ్లి ఫోటోలు, పోయిన తాతలు, అందరికీ ఫ్రేమ్ బిగించేది నేనే. మేష్టరి బొమ్మలూ నేనే కట్టేదాన్ని. 2024 నవంబరులో టిప్పర్ నడిపే కిశోర్ జానెడు హార్డ్‌బోర్డు ముక్క ఒకటి తెచ్చాడు.

“భానక్కా, క్వారీలో బండ మీద పడుండాది. బాగుండాదని ఎత్తుకొచ్చినా. ఫ్రేమ్ వేసిస్తావా?”

“ఎవరి సొత్తో ఎత్తుకొచ్చి దానికి ఫ్రేమ్ ఒకటా నీకు?” అంటూనే బోర్డు అందుకున్నాను. వెలుతురు వైపు తిప్పి చూశాను.

బోర్డు మీద గుడిబండె దోవలోని క్వారీ గుట్ట. ఆకాశాన్ని అడ్డంగా, ఒక్క ఈడ్పులో లాగే ఆ కుంచె మేష్టరిదే. ఆయనకు నేను కట్టిన ఇరవై బొమ్మల్లో చూశాను ఆ ఈడ్పుని. “గుట్టను మొత్తం కంకర చేసేలోపల ఒకసారి వేసుకోవాలమ్మా” అని నాతో అన్నాడు కూడా.

క్వారీ యజమాని వెంకటరామప్పకు కబురు ఎవరు మోశారో, మర్నాడే అంగట్లో ప్రత్యక్షం.

“ఏమ్మా భానూ, ఆ మేష్టరు మా క్వారీలో కాలే పెట్టలేదు. ఫోటో చూసి ఇంట్లో గీసుకునుంటాడు.”

“ఫోటో చూసి గీసిందానికీ, ఎండలో కూర్చోని గీసిందానికీ తేడా నాకు తెలుసప్పా.”

“నీకేం తెలుసు? పటాలు కట్టుకునేదానివి.”

“అవునప్పా. ఎప్పుడో ఒకప్పుడు నీ పటమూ నేనే కట్టాల.”

విసురుగా వెళ్లిపోయాడు.

తేడా నిజంగానే ఉంది. ఫోటో చూసి వేస్తే నీడలు నల్లగా చచ్చిపడి ఉంటాయి. ఎదురుగా కూర్చున్నవాడికి నీడలో నీలం కనిపిస్తుంది, ఊదా కనిపిస్తుంది. ఎండ ఎవరికోసమూ ఆగదు కాబట్టి చెయ్యి తొందరపడుతుంది, వేసిన రంగును మళ్లీ దిద్దే తీరిక ఉండదు. పైగా గాలి మోసుకొచ్చిందల్లా పచ్చి రంగులో అంటుకుంటుంది. భూతద్దం పెట్టి చూశాను. ఆకాశం నిండా రాతిపొడి. గుట్ట అంచున ఒక పురుగు రెక్క. నీడలన్నీ ఒకే వైపు, సాయంత్రం నాలుగు గంటల పొడవు. ఈ బొమ్మ అక్కడే కూర్చుని వేసింది.

సెలవు రోజైనా, ఆయన పోయిన ఆ ఆదివారం మధ్యాహ్నమే క్వారీలో మందు పెట్టి పేల్చారు. ఆయన కూర్చున్న చోటు ఇదీ అని చూపించగలిగితే, ఆయన లేచిపోలేదని మునిరత్నమ్మ తలెత్తుకుని చెప్పగలదు. నాకు కావలసింది అంతే.

ఒక్కటే అర్థం కాలేదు. బోర్డు చుట్టూ నాలుగు అంచులా మందంగా నలుపు. సోకు కోసం వేశాడనుకున్నాను. ఫ్రేములు కట్టేదాని బుద్ధి అంతే, అంచును చూడదు, అట్ట కింద దాచేస్తుంది.

ఆదివారం కిశోర్ బండెక్కి క్వారీకి పోయాను. పని లేని రోజు. మిషన్లు ఆగి ఉన్నాయి. తెల్లటి దుమ్ము కింద తుమ్మచెట్లు సున్నం కొట్టినట్టున్నాయి. కాలిన మందు వాసన ఎక్కడో రాళ్లలో ఇంకా మిగిలే ఉంది. ఒక్క పక్షి లేదు.

బొమ్మలో వెనక గుట్ట కొన ముందు గుట్ట భుజం మీద గోరంతే కనిపిస్తుంది. అలా కనిపించే చోటే ఆయన కూర్చున్న చోటు. క్వారీ గుంత అంచున నిలబడి చూస్తే ఆ వెనక గుట్ట సగం బయటికుంది. గుంతలోకి దిగేకొద్దీ అది కుంగుతోంది. అడుగుకు చేరాను. ఇంకా చాలదు. కూర్చున్నాను. ఇంకా చాలదు. పక్కనే ఇల్లంత బండ ఒరిగి ఉంది, దాని కింద ఒక సందు. అంతకన్నా దిగువ చోటు లేదు.

“దాంట్లోకి యాలక్కా? పాములుంటాయి.”

“నన్ను కరిస్తే వాటికే నష్టం. నువ్వీడే ఉండు.”

బోర్డు చేతబట్టి, కాళ్లు ముందు లోపలికి పెట్టి వెనక్కు పాకాను. చల్లగా ఉంది. తల బయటి వైపు తిప్పి, బోర్డును కళ్లముందు పెట్టి దించాను.

కుదిరింది. గుట్ట మీద గుట్ట, గోరంత కొన. నాలుగు వైపులా నలుపుతో సహా.

సోకు కాదది. బండ సందు అంచు.

అప్పుడు చూశాను, ముందు గుట్టకు తెల్లటి గాయం. బొమ్మలోనూ ఉంది. నా నెత్తి మీది బండ ఊడి పడింది ఆ గాయంలోంచే. ఆకారం అచ్చుగుద్దినట్టుంది.

అంటే, బండ పడిన తర్వాత వేశాడు. బండ కిందనుంచి.

బయటికి పాకబోయాను. భుజం కదల్లేదు. ఊపిరి వదిలి మళ్లీ తోశాను. వచ్చినప్పుడున్న జాగా ఇప్పుడు లేదు.

“కిశోరూ!”

వాడు నాలుగు బారల దూరంలో ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు. సూటిగా నా కళ్లలోకి.

“భానక్కా... యాడుండావు?”

“ఈడే రా! ఈ సందులో!”

వాడు బండ దగ్గరికొచ్చాడు. వాడి చెప్పులు నా మొహానికి మూరెడు దూరంలో. వంగి చూశాడు. లేచి, ఇంకోవైపు పోయాడు.

బయట ఒక రాయి నీడ నా మోచేతి దాకా వచ్చి ఆగింది. వెయ్యి అంకెలు లెక్కపెట్టాను. నీడ కదల్లేదు. ఇంకో వెయ్యి. కదల్లేదు. బయట ఎండ మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

అప్పుడు వాసన. రంగులు కలిపే అవిసె నూనె... టర్పెంటైన్...

నా వెనక చెయ్యి పట్టేంత జాగా లేదు. అయినా చెవి పక్కనే మెత్తటి చప్పుడు. సర్... సర్... బోర్డు మీద కుంచె.

నా మెడ మీద ఎవరిదో ఊపిరి. చల్లగా.

“కొంచెం తల వంచమ్మా... వెలుతురు అడ్డమైతాండావు.”

వంచాను. రాతి మీద నుదురు ఆనించాను. కళ్లు మూసుకున్నాను. జీవితంలో ఎవరి మాటా అంత త్వరగా విన్నది లేదు.

సర్... సర్... ఎంతసేపో తెలియదు.

“అయిపాయె.” తర్వాత, ఇంకా మెల్లగా, “ఇది పట్టుకో.”

నా వేళ్ల మధ్య సన్నటి కర్ర.

కళ్లు తెరిచేసరికి ఆరుబయట వెల్లకిలా పడి ఉన్నాను. పొద్దు కుంకుతోంది. కిశోర్ నీళ్లు చల్లుతున్నాడు, ఏడుస్తున్నాడు కూడా.

“ఈ బండ చుట్టూ పదిసార్లు తిరిగినా గదక్కా! యాడికి పోతివి?”

పిడికిలి విప్పాను. కుంచె. కర్ర మీద కత్తితో చెక్కిన ము.కృ. కుచ్చులో నీలం ఇంకా తడిగానే ఉంది.

ఆ కుంచెను మునిరత్నమ్మ ఒక్క చూపులో గుర్తుపట్టింది. ఆమెను వెంటబెట్టుకుని స్టేషన్లో కూర్చున్నాను. లేవమన్నా లేవలేదు, నోరు ముయ్యమన్నా ముయ్యలేదు. మూడోరోజు క్రేను తెచ్చి బండ ఎత్తారు. ఎముకలు, రంగుల పెట్టె బయటపడ్డాయి. ఎముకలు బయటి వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాయి.

“నేను ఈడ దోవ చూసినట్టే ఆయన ఆడ చూసినాడు గదమ్మా,” అంది మునిరత్నమ్మ. ఆరోజు ఊళ్లో ఎవరి నోరూ లేవలేదు.

బండ దగ్గర పోలీసులు రాసిన మహజరుకు, అంటే పంచనామాకు, నేనూ సాక్షిని. సంతకం పెట్టేముందు ప్రతి అక్షరం చదవడం నా అలవాటు. మా దగ్గర సర్కారు కాగితాలన్నీ కన్నడమే; నాలుగు పేజీలు. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. కొలిచిన ఎస్సైని అడిగాను. టేపు పెట్టి రెండుసార్లు కొలిచామన్నాడు. నా భుజాల వైపు చూశాడు. ఆ వాక్యం మునిరత్నమ్మకు చదివి వినిపించలేదు.

“బండ ఎత్తకముందు సందు ఎత్తు, నోటి దగ్గర: అయిదున్నర అంగుళాలు. లోపలికి పోయేకొద్దీ ఇంకా తక్కువ. వేరే దోవ లేదు. తేదీ 20-11-2024.”